గాలిమరక్క పదకొండో అంశానికి చెప్పిన జవాబు

నోరు తెరిస్తే ఆమె చేతులు లేస్తాయి. "అన్నం తిన్నావా?" అని అడగాలన్నా కుడిచెయ్యి ఓ చుట్టు చుట్టి రావాల్సిందే. సంగతి కాస్త పెద్దదైతే ఎడమచెయ్యి కూడా బయల్దేరుతుంది. చుట్టుపక్కల గాజుగ్లాసు ఉందంటే దానికి నూకలు చెల్లినట్టే.

ఏడేళ్ల వయసులో బళ్లో లేచి నిలబడి, ముందురోజు వచ్చిన గాలివాన ఎంత పెద్దదో చెప్పబోయి పంతులమ్మ కళ్లజోడు ఎగరగొట్టింది. అది సరాసరి కిటికీలోంచి బయటికి పోయింది. పంతులమ్మ కళ్లు చికిలించుకుంటూ, "నువ్వు పిల్లవి కాదే తల్లీ, గాలిమరవి!" అంది. ఆ పేరు అంటుకుపోయింది. కన్నవాళ్లు పెట్టుకున్న పేరు కాగితాల్లో మిగిలింది.

ఇక ఆ మాటని ఎవరి అవసరానికి వాళ్లు వాడుకున్నారు. ఒక పని సగంలో వదిలి ఇంకో పని పట్టుకుంటే నాయనమ్మ "గాలిమరకి నిలకడెక్కడిదీ!" అనేది. పొద్దున కుట్టుపని నేర్చుకుంటానని, సాయంత్రానికి టైపు నేర్చుకుంటానని అంటే అన్నయ్య "ఎటు గాలి వీస్తే అటు తిరిగే గాలిమర" అనేవాడు. పక్కింటి పెద్దమ్మ అయితే మరీ ఘాటు మనిషి. "తిరగడమే గానీ పిండి రాలదు" అని గోడమీదుగా అనేసి లోపలికి పోయేది. ఇంతకీ వీళ్లలో ఒక్కరూ గాలిమరను కళ్లారా చూసినవాళ్లు కారు. క్యాలెండర్లో బొమ్మ చూశారు, అంతే. చూడని దానిమీదే మనిషికి నమ్మకం ఎక్కువ.

పెళ్లి సంబంధాలు మూడు వచ్చాయి. మొదటిసారి పెళ్లికొడుకు తండ్రి టీ కప్పు ఆయన చొక్కామీదే బోర్లపడింది. రెండోసారి వదిన ముందుజాగ్రత్తగా "చేతులమీద కూర్చో" అంది. చేతులమీద కూర్చుంటే నోట్లోంచి మాటే రాలేదు. వచ్చినవాళ్లు పిల్ల మూగదనుకుని, పాపం అనుకుంటూ వెళ్లిపోయారు. మూడో అబ్బాయి మంచివాడే. అన్నిటికీ ఒప్పుకుని, ఒక్క షరతు పెట్టాడు: మాట్లాడేటప్పుడు చేతులు దించుకోవాలి. ఆమె నిజంగానే ప్రయత్నించింది. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేకపోయింది. మూడోరోజు పొద్దున అన్నయ్య దగ్గరికెళ్లి, రెండు చేతులూ బారలు చాపి, "నాకు వద్దు!" అంది. గోడగడియారం పడింది. ఆ సంబంధమూ పోయింది.

ముప్పై రెండేళ్ల వయసులో ఆమెకి ఉద్యోగం వచ్చింది. ఎక్కడనుకున్నారు? కొండమీద గాలిమరలు నిలబెట్టే చోట, స్టోర్లో. పనివాళ్లకి గ్లవుజులు, హెల్మెట్లు ఇవ్వాలి, సాయంత్రం తిరిగి తీసుకోవాలి. చేరిన రోజు బస్సు దిగి, తలెత్తి, అప్పటికే నిలబెట్టిన మొదటి గాలిమరను చూసింది. చాలాసేపు చూసింది. అంత పెద్ద ప్రాణి అంత నెమ్మదిగా, అంత హుందాగా తిరుగుతుంటే ఆమెకి నవ్వాగలేదు. "ఇదా! నన్ను ఇన్నేళ్లూ దీంతోనా పోల్చారు!" అంటూ, పక్కన నిలబడి తనూ చూస్తున్న బస్సు కండక్టరు టోపీ ఎగరగొట్టింది.

స్టోర్లో ఆర్నెల్లే ఉంది. ఓ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, సైటు వంటావిడకి, గాలివానలో తమ అన్నయ్య ఇంటి రేకులు ఎలా లేచాయో, ఎలా తిరిగాయో, ఎక్కడ దిగాయో చెబుతోంది. వంద గజాల అవతల క్రేన్ ఆపరేటర్‌కి సిగ్నల్ ఇవ్వాల్సిన మనిషి మెడ పట్టేసి పక్కన కూలబడ్డాడు. ఆపరేటర్‌కి ఆ సంగతి తెలియదు. అద్దంలోంచి చూస్తే ఓ మనిషి రెండు చేతులతో స్పష్టంగా చెబుతోంది: లేపు, కుడికి తిప్పు, దించు. ఆయన లేపాడు, తిప్పాడు, దించాడు. పైపుల కట్ట లారీలో చేత్తో పెట్టినట్టు కూర్చుంది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, "ఎవరమ్మా సిగ్నలిచ్చింది?" అన్నాడు. ఆమె అటూ ఇటూ చూసింది. "నేను మా అన్నయ్య రేకుల గురించి చెబుతున్నానండీ" అంది.

ఆ రేకులే ఆమె బతుకు మార్చాయి. "ఇన్ని చేతులున్న మనిషిని స్టోర్లో పెట్టుకున్నామా!" అని మేస్త్రీ శిక్షణకి పంపించాడు. అక్కడ పుస్తకం ఇచ్చారు. చూపుడువేలు పైకెత్తి చుడితే లేపు. కిందికి చుడితే దించు. రెండు చేతులూ బారచాపి ఊపితే ఉన్నపళంగా ఆపు. ప్రతి కదలికకీ ఒక అర్థం, ప్రతి అర్థానికీ ఒక కదలిక. జీవితంలో మొదటిసారి ఆమె చేతులు చెప్పింది ఇంకొకరు విని, చేసి పెడుతున్నారు. ఆ రాత్రి పుస్తకం గుండెలమీద పెట్టుకుని పడుకుంది. ఆమెకి అంత సంతోషం అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఒకటే చిక్కు. నోరు కదిలితే చేతులు పుస్తకం దాటిపోతాయి. దానికి ఆమే మందు కనిపెట్టింది. బరువు గాల్లోకి లేచే ముందు సీసాలోంచి గుక్కెడు నీళ్లు పుక్కిట పట్టేది. బరువు దిగేదాకా మింగేది కాదు. నోట్లో నీళ్లుంటే మాట రాదు, మాట రాకపోతే చెయ్యి వాగదు. బరువు దిగాక గుటుక్కున మింగి, అరగంట మౌనానికి వడ్డీతో సహా మాట్లాడేది.

ఆ క్రేన్ ఆపరేటర్‌ని సైటులో బెల్లంరాయి అంటారు. బెల్లం కొట్టిన రాయిలా ఉలకడు, పలకడు. ఏడాదికి పది మాటలు మాట్లాడతాడేమో, అందులో నాలుగు డీజిల్ గురించి. ఆయన క్రేన్ కూడా పాతది, ఇంజను మొదలైతే పక్కన పిడుగు పడినా వినబడదు. అందుకని ఆయనకి వాకీటాకీ దండగ అని ఇవ్వలేదు. ఆమె తలకి హెడ్‌సెట్ ఉంటుంది. పైన బోల్టులు బిగించేవాళ్లు చెప్పింది ఆమె చెవిలో పడుతుంది, ఆమె చేతుల్లోంచి ఆయన కంట్లో పడుతుంది. అర్థమైందని ఆయన ఒక్కసారి హారన్ కొడతాడు. పన్నెండేళ్లుగా వాళ్లిద్దరి సంభాషణ అంతే.

అంతా సజావుగా ఉంటే కథెందుకు? మొన్నామధ్య బెల్లంరాయికి జ్వరమొచ్చి మూడురోజులు రాలేదు. బదులుగా ఓ కొత్త డ్రైవరు వచ్చాడు. బుద్ధిమంతుడు, కనబడిన ప్రతి సైగనీ పాటించే రకం. క్రేన్ హుక్కుకి సైటు మరుగుదొడ్డి డబ్బా తగిలించి ఉంది, మధ్యాహ్నం దాన్ని ఇంకోచోటికి మార్చాలి. ఈమె ఇంకా నీళ్లు పుక్కిట పట్టలేదు. వంటావిడతో, నిన్న బస్సులో ఒకాయన మూట పైకెత్తి ఎలా విసిరాడో చెబుతోంది. డబ్బా లేచింది. లోపల కాంట్రాక్టరుగారు ఉన్నారు. రెండు నిలువుల ఎత్తున తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, వారం తిరక్కుండా కొత్త సేఫ్టీ ఆఫీసరు దిగాడు. చెడ్డమనిషి కాదు, భయస్థుడు. పడుకున్నా హెల్మెట్ తియ్యడని వంటావిడ అంటుంది. ఆమెను పిలిచి మెల్లగానే చెప్పాడు.

"అమ్మా, మీరు మాట్లాడుతున్నారో సిగ్నలిస్తున్నారో చూసేవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి? క్రేన్ ఈసారి బరువెత్తేటప్పుడు, ఆ లిఫ్టంతా నేను పక్కనే నిలబడి చూస్తాను. పుస్తకంలో లేని సైగ ఒక్కటి చేసినా సరే, మళ్లీ స్టోరుకే. ఏమీ అనుకోకండి."

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "అలాగేనండీ" అంది. బయటికొచ్చి స్టోరుకేసి చూసింది. స్టోరంటే తప్పేం లేదు, జీతమూ అంతే. కానీ అక్కడ చేతులు మళ్లీ ఒట్టి చేతులైపోతాయి. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ గ్లాసులు పక్కకి జరుపుకుంటారు. ఆ తలపుకే ఆమెకి ఏడుపొచ్చింది.

వచ్చే లిఫ్టు ఆఖరి గాలిమరకి ఆఖరి రెక్క. అది ఎక్కించాలంటే గాలి ఉండకూడదు. గాలి కోసం కట్టే యంత్రానికి గాలి తగ్గేదాకా కాపు కాయాలి, అదీ తమాషా. తొమ్మిది రోజులు గాలి తగ్గలేదు. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఇంట్లో అద్దం ముందు నిలబడి, నోట్లో నీళ్లతో, పుస్తకంలోంచి ఈ లిఫ్టుకి కావాల్సిన ఆరు సైగలే చేసింది. ఏడోది రాబోతే ఆ చెయ్యిని ఇంకో చేత్తో తనే కొట్టుకుంది.

పదోరోజు పొద్దున గాలి చచ్చుబడింది. సైటంతా ఒక్కసారి లేచింది. తాళ్లు, బోల్టులు, రెంచీలు, కేకలు. పైన గాలిమర బొడ్డులో, అంటే రెక్కలొచ్చి కలిసే చోట, ఇద్దరు బిగించేవాళ్లు ఎక్కి కూర్చున్నారు. వాళ్లిద్దరూ బావా బావమరుదులు, కిందకంటే పైనే ఎక్కువ పోట్లాడుకుంటారు. రెక్క ఊగకుండా తాళ్లు పట్టుకునే పదిమందికి మేస్త్రీ నాయకుడు. ఆఫీసు గదిలో గుమాస్తా. వీళ్లతో కలిపి సైటులో ముప్పైమంది చెవుల్లోనూ ఒకటే రేడియో.

లిఫ్టుకి ముందు ఒక పద్ధతుంది. ఆపరేటర్ తన చేత్తో పది అంశాల కాగితం రాస్తాడు: హుక్కు చూశాను, తీగ చూశాను, బ్రేకు చూశాను, ఇలా. కార్బన్ పెట్టి మూడు ప్రతులు. ఒకటి సిగ్నల్ మనిషికి, ఒకటి ఆఫీసరుకి, ఒకటి గుమాస్తాకి. గుమాస్తా రేడియోలో చదువుతాడు. ఒక్కో అంశానికీ అందరూ "సరే" అంటారు. నోట్లో నీళ్లున్నాయి కాబట్టి గాలిమరక్క మటుకు బొటనవేలు లేపుతుంది, అది పుస్తకంలో ఉన్నదే. పన్నెండేళ్లుగా అవే పది అంశాలు. అందుకే ఆమె కాగితం మడిచి, చూడకుండానే జేబులో పెట్టుకుంది. నీళ్లు పుక్కిట పట్టింది. ఆఫీసరు నాలుగడుగుల దూరంలో కలం పట్టుకుని నిలబడ్డాడు.

గుమాస్తా మొదలెట్టాడు. ఆయన గొంతులో హెచ్చుతగ్గులుండవు. పెళ్లి కబురైనా చావు కబురైనా ఒకటే రాగం.

"తొమ్మిది. బ్రేకు చూడడమైనది."

"సరే" అన్నాడు పైన బావ. "సరే" అన్నాడు బావమరిది. "సరే" అన్నాడు మేస్త్రీ. ఆమె బొటనవేలు లేచింది.

"పది. నేల గట్టిగా ఉన్నది."

"సరే." "సరే." "సరే." బొటనవేలు.

"పదకొండు. నన్ను పెళ్లి చేసుకుంటారా, రెక్క ఎక్కాక చెప్పండి."

"సరే" అన్నాడు బావ.

"సరే" అన్నాడు బావమరిది.

"సరే" అన్నాడు మేస్త్రీ.

ఆమె బొటనవేలు సగం లేచి ఆగిపోయింది.

రేడియో గుయ్యిమంది. తర్వాత బావమరిది గొంతు, చాలా చిన్నగా: "బావా, ఇప్పుడు మనం దేనికి ఒప్పుకున్నాం?"

ఇంకేముంది, కొండమీద నవ్వులు పేలాయి. పన్నెండేళ్లుగా కార్బన్ పెట్టి రాస్తున్న మనిషి, ఆ పొద్దున కార్బన్ ఉందన్న సంగతే మర్చిపోయాడు. ఆమెకొక్కదానికే రాశాననుకున్నాడు. ముప్పైమందికి రాశాడు. క్రేన్ లోపల, ఇంజను హోరులో, చెవిలో రేడియో లేకుండా కూర్చున్న బెల్లంరాయికి మాత్రం ఇదేమీ తెలియదు. అద్దంలోంచి ఆమెకేసి చూస్తున్నాడు, మొదటి సిగ్నల్ కోసం.

నోటినిండా నీళ్లు. ఒంటినిండా మాటలు. బుగ్గలు బూరెల్లా అయ్యాయి. ఆమె భుజాల దగ్గర చేతులు కట్టేసిన దూడల్లా గుంజుతున్నాయి. ఆఫీసరు తన ప్రతిలో పదకొండో అంశం చదువుకుని, హెల్మెట్ సర్దుకుని, ఆమె సగం బొటనవేలికేసి అనుమానంగా చూశాడు. కలం కాగితం మీద నిలిచింది. రాయలేదు.

'ఒక్క సైగ' అనుకుంది. 'ఒక్కటి పొరపాటున పోయిందా, స్టోరే.' కుడిచేతి చూపుడువేలు ఎత్తి, మెల్లగా చుట్టింది. లేపు.

హారన్. రెక్క నేలమీంచి లేచింది.

ముప్పై మీటర్ల రెక్క, తెల్లగా, వంద ఇళ్ల కప్పులంత బరువున్నట్టు కనిపిస్తూ దూదిలా లేచింది. లేపు. లేపు. కొంచెం ఎడమకి. ఆమె ఆయన మొహంలోకే చూడాలి, వేరే దారి లేదు, పని అలాంటిది. చూస్తుంటే ఒకటి తట్టింది. ఎండ ఆయన కళ్లలో పడుతోంది. ఒక చేత్తో మీటలు, ఇంకో చెయ్యి కనుబొమల మీద. క్రేన్ అటు తిప్పి నిలిపితే హాయిగా వీపుమీద పడేది. అప్పుడు ఎండ ఎవరి కళ్లలో పడేది? ఈమె కళ్లలో. పోయిన రెక్కకి? అంతే. పోయినేడు అవతలి కొండమీద? అంతే. పన్నెండేళ్లుగా ఎక్కడ నిలిపినా ఎండ ఆయనకి ఎదురుగా, ఈమెకి వెనక. అది కూడా పుస్తకంలో ఉన్న పద్ధతేననుకుంది ఈ పిచ్చి మాలోకం!

గుక్క నీళ్లు కొంచెం గొంతులోకి జారాయి. పొలమారబోయి ఆపుకుంది. కళ్లనీళ్లొచ్చాయి, అవి పొలమారినందుకో కాదో ఆమెకే తెలియదు. వేలు మాత్రం తిరుగుతూనే ఉంది, నిదానంగా. పైనుంచి బావ "ఇంకో నాలుగడుగులు" అంటున్నాడు. బావమరిది "నవ్వించకు బావా, రెంచి జారుతుంది" అంటున్నాడు.

అప్పుడు చూసింది. రెక్క చివరి తాడు కంచె స్తంభానికి చుట్టుకుని ఉంది. అది పట్టుకున్నవాడు ఎక్కడున్నాడు? నవ్వుతున్నాడు. పదిమందీ నవ్వుతున్నారు. ఇంకో గజం లేస్తే తాడు బిగుస్తుంది, రెక్క ఒక్క కుదుపు కుదుపుతుంది, పైన ఆ ఇద్దరూ బొడ్డులోంచి బయటికి వంగి ఉన్నారు.

ఆమె రెండు చేతులూ బారచాపి ఊపింది, ఒళ్లంతా ఊగేలా, కాళ్లు నేలమీద నిలవనట్టుగా.

"అయిపోయింది" అన్నాడు ఆఫీసరు దిగులుగా. ఎవరు చూసినా అలాగే అనుకుంటారు, పెళ్లిమాట విని ఆడమనిషికి మతిపోయిందని. మేస్త్రీ కూడా అలాగే అనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు. ఆఫీసరు కలం కాగితానికి ఆనింది.

కానీ రెక్క అప్పటికే ఆగిపోయింది. ఆమె చేతులు పూర్తిగా చాచుకోకముందే ఆగింది. క్రేన్ లోపలి మనిషి నవ్వలేదు, సందేహించలేదు, అది సంబరమా సిగ్నలా అని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఒక్క హారన్ కొట్టి, ఆమె చూపు వెళ్లినవైపే చూశాడు.

అప్పుడు గానీ మిగతావాళ్లకి తాడు కనబడలేదు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి. తాడు పట్టినవాడు పరిగెత్తి చుట్టు విప్పాడు. పైన బావ "ఒరేయ్" అని మాత్రం అన్నాడు. ఆఫీసరు కాగితంకేసి చూసి, స్తంభంకేసి చూసి, కలానికి మూత పెట్టేశాడు.

మిగతాది పావుగంట. దించు, కొంచెం. ఆపు. ఇంకొంచెం. రెక్క మొదలు బొడ్డులో కూర్చుంది, బోల్టులు ఒకటొకటే బిగిశాయి, హుక్కు ఖాళీగా కిందికి దిగింది. ఆమె నీళ్లు మింగింది. గుటుక్కుమన్న ఆ చప్పుడు రేడియోలో ముప్పైమందీ విన్నారు.

ఆఫీసరు దగ్గరికొచ్చాడు. "అమ్మా, పుస్తకంలో లేని సైగలు సున్నా. మొదట్లో సగం బొటనవేలు ఒకటుంది గానీ, సగం వేళ్ల గురించి పుస్తకంలో ఏమీ లేదు. మీ పని మీదే." గొంతు తగ్గించాడు. "నేనైతే ఆపేవాణ్ని కాదు. మీరు ఆనందంతో గంతులేస్తున్నారనుకున్నాను. ఆయనకెలా తెలిసింది?"

ఆమెకీ తెలియదు. ఆమె క్రేన్‌కేసి చూసింది. ఇంజను ఆగింది. అంత హోరు ఆగేసరికి కొండంతా చెవులు రిక్కించినట్టయింది. బెల్లంరాయి నిచ్చెన దిగి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. అందరి మొహాలూ చూశాడు. గుమాస్తా చేతిలో కాగితం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి, పారిపోలేదు.

"తాడని ఎలా తెలిసిందండీ?" అని అడిగింది ఆమె.

"తాడని తెలీదు" అన్నాడు. "పనే అని తెలుసు. మీ చేతులు కబుర్లు చెప్పేది వేరు, పని చెప్పేది వేరు. పన్నెండేళ్లు చూశాగా."

ఏడాది మాటలు ఆ పూటకే అయిపోయాయి. ఇక ఆమె వంతు.

"అసలు మీకు బుద్ధుందా అండీ?" అని మొదలుపెట్టింది. కుడిచెయ్యి లేచింది. "కాగితం మీదా అడిగేది? బ్రేకు తర్వాతా? నేల గట్టిగా ఉంది అని చెప్పి, ఆ కిందా?" ఎడమచెయ్యి లేచింది. "ముప్పైమంది ముందు, నోటినిండా నీళ్లతో, పక్కన ఈయన కలం పట్టుకుని! నాకు పొలమారి చచ్చిపోతే ఎవర్ని చేసుకునేవారు మీరు? ఎండ సంగతి ఒక్కరోజు నోరు తెరిచి చెప్పారా? పన్నెండేళ్లు కళ్లు మాడ్చుకున్నారు! చేసుకుంటాను, ఎందుకు చేసుకోనూ!"

ఆ "చేసుకోనూ" దగ్గర చెయ్యి పూర్తి చుట్టు చుట్టింది. ఆయన హెల్మెట్ ఎగిరి, గంగాళంలా మోగుతూ దొర్లి, ఆఫీసరు కాళ్ల దగ్గర ఆగింది.

ఆమె నోరు మూతపడింది. చేతులు వాటంతటవే వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇక్కడినుంచి ఏం జరుగుతుందో ఆమెకి ఏడేళ్ల వయసునుంచీ తెలుసు. ఎదుటిమనిషి ఓ అడుగు వెనక్కి వేస్తాడు, ఆ గాలిమర మాటే అంటాడు.

ఆయన హెల్మెట్‌కేసి చూడను కూడా లేదు. ఓ అడుగు ముందుకేసి, ఆమెకి ఇంకా దగ్గరగా, నిమ్మళంగా నిలబడ్డాడు.

"తర్వాత?" అన్నాడు.